తెల్లచీర నాలుగో మూల

నల్గొండ,
జులై 14, 2024.

మహబూబ్‌నగర్‌లో సైన్సు టీచరమ్మ అయిపోయిన మా గ్లోరీ అత్తకు,

ఏడో తరగతి బి సెక్షన్ నుంచి నీ మేనకోడలు మల్లిక వందనాలు.

అత్తా, ముందుగా ఒక హెచ్చరిక. మా గురుకులంలో ఫోన్లు ఉండవని నీకు తెలుసు. ఉత్తరాలు రాసుకోవచ్చు గానీ, పోయేవీ వచ్చేవీ అన్నీ మా వార్డెన్ నిర్మలమ్మ మేడం చదువుతారు. తెలుగు చెప్పేది కూడా ఆమే కాబట్టి పుస్తకం భాషలోనే రాయాలట. అందుకే ఇంత పద్ధతిగా రాస్తున్నాను. నవ్వకు.

అసలు సంగతి చెప్తాను. మా సైన్సు మేడం కాన్పుకు సెలవు మీద పోయారు. ఆమె బదులు ఆటల మేడం వచ్చి, "పదార్థం అంటే స్థలాన్ని ఆక్రమించేది, ద్రవ్యరాశి కలిగినది" అని గట్టిగా చదివి, మాతో కూడా చదివించి, ఈల ఊది గ్రౌండుకు తోలారు. మాకు పదార్థం అర్థం కాలేదు గానీ కబడ్డీ బాగా వచ్చింది. నవంబర్‌లో జిల్లా సైన్స్ ఫెయిర్ ఉంది. మా బడి తరఫున నా పేరే రాశారు. ఎందుకంటే మా అత్త సైన్సు టీచర్ అని బడంతా డప్పు కొట్టింది నేనే. ఇప్పుడు నువ్వే దిక్కు.

పోయిన ఆదివారం బాపు, అవ్వ చూడడానికి వచ్చారు. అవ్వ గారెలు తెచ్చింది, నీ పెళ్లి ముచ్చట కూడా తెచ్చింది. "మీ అత్తకు సంబంధాలు జూస్తున్న. కట్నాలు, కారు ఏమన్న గానీ, తెల్లచీర మాత్రం నేనే కొంట" అంది. ఎందుకంత పట్టింపు అని అడిగితే చెప్పింది. అవ్వ పెళ్లికి కట్టుకున్నది చర్చి చీరట. పేటలో ఏ పిల్ల పెళ్లయినా ఆ ఒక్క చీరే కట్టి, మర్నాడు ఉతికి, మడిచి పాస్టరమ్మకు తిరిగి ఇచ్చేవాళ్లట. "పొద్దుగాల కట్టిన, మర్నాడు ఇచ్చేసిన. నా బిడ్డ చీర నా బిడ్డ తాన్నే ఉండాలె" అంటూ నా గారె కూడా తనే తినేసింది. నీకు ఈ సంగతి తెలుసా?

పదార్థం గురించి వెంటనే రాయి.

నీ మల్లిక

[ఎర్ర సిరాతో] అక్షర దోషాలు లేవు. "డప్పు కొట్టింది" అనకూడదు, "ప్రచారం చేసింది" అనాలి. — నిర్మలమ్మ


మహబూబ్‌నగర్,
జులై 24.

బంగారు కోడలా,

నీ ఉత్తరం స్టాఫ్‌రూంలో విప్పి, పడీపడీ నవ్వాను. నిర్మలమ్మ మేడం గారికి నా నమస్కారం. చదువుతూనే ఉంటారు కాబట్టి నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

చీర సంగతి నాకు తెలియదు. అమ్మ నాతో ఎన్నడూ అనలేదు. సంబంధాలు మాత్రం ఇప్పుడే చూడొద్దని చెప్పు. తొందరేం లేదు.

ఇక పదార్థం. బకెట్ నిండా నీళ్లు తీసుకో. గ్లాసు అడుగున కాగితం ముద్ద చేసి కుక్కు. గ్లాసును నిటారుగా బోర్లించి నీళ్లలో పూర్తిగా ముంచి, అట్లనే పైకి తియ్యి. కాగితం తడవదు. ఎందుకంటే గ్లాసు ఖాళీ కాదు. లోపల గాలి జాగా పట్టుకుని కూర్చుంది, అది లేస్తేగానీ నీళ్లకు చోటు లేదు, మన చిట్యాల బస్సులో సీటు లాగా. కాబట్టి గాలి కూడా పదార్థమే.

గాలికి బరువుందా అని అడుగుతారు. ఒక పుల్లకు రెండు పక్కలా ఊదిన బుగ్గలు, అంటే బెలూన్లు, కట్టి, నడుమ దారంతో వేలాడదీయి. సమంగా నిలబడ్డాక ఒక బుగ్గను పగలగొట్టు. గాలి ఉన్న వైపు కిందికి వంగుతుంది. మా క్లాసులో ఈ ప్రయోగానికి పుల్ల పట్టుకున్నది లెక్కల కమలాకర్ సార్. బకెట్ మోసుకొచ్చింది కూడా ఆయనే. పుల్ల పట్టుకున్నప్పుడు కమలాకర్ సార్ చేయి వణికింది కాబట్టి మళ్లీ చేయాల్సి వచ్చింది. పిల్లలు నవ్వారు.

ఒక పిల్ల లేచి, "కోపం పదార్థమేనా టీచర్? మా నాయినమ్మకు కోపమొస్తే ఇల్లంతా నిండుతది" అంది. తూకం వేయగలిగితే పదార్థమే అన్నాను. వరండాలో పోతున్న కమలాకర్ సార్ కిటికీలోంచి, "మా అమ్మది తెస్త, మీ తరాజు సరిపోదు" అన్నారు. క్లాసు అక్కడితో అయిపోయింది, ఎవరూ నవ్వు ఆపలేదు.

బాగా చదువు. పాలు తాగు.

గ్లోరీ అత్త


నల్గొండ,
ఆగస్టు 4.

అత్తా,

గ్లాసు ప్రయోగం బట్టలు ఉతికే తొట్టి దగ్గర చేశాను. నిజంగానే కాగితం తడవలేదు. మిగతావన్నీ తడిశాయి. చూస్తామని మా డార్మిటరీ అంతా ఎగబడింది, పై బెర్తు రమ తొట్టిలోనే పడింది. నిర్మలమ్మ మేడం స్టీలు గ్లాసు తొట్టి అడుక్కు పోయింది, దాంట్లో గాలి లేదు కాబట్టి. మేడం నన్ను అరగంట ఎండలో నిలబెట్టి, తర్వాత పిలిచి, "ఏదీ, మళ్లీ ఒకసారి చూపించు" అన్నారు.

ఇప్పుడు ఇంకో సంగతి. నీ ఉత్తరాన్ని డార్మిటరీలో పైకి చదివాను. గాలి కంటే, నీళ్ల కంటే అందులో ఇంకొకటి ఎక్కువ ఉందని అందరూ అన్నారు. బకెట్‌లో ఉంది, పుల్ల మీద ఉంది, కిటికీలో కూడా ఉంది. మేడం చదువుతారు కాబట్టి నేను పేరు రాయను. ఇక నుంచి దాన్ని "ఆ పదార్థం" అంటాను.

ఆ పదార్థం ఘనమా, ద్రవమా, వాయువా? దాని ఊరేది? నువ్వు సంబంధాలు వద్దన్నది దాని వల్లేనా? మూడింటికీ సంపూర్ణ వాక్యాలలో జవాబులు రాయి. తప్పించుకోవాలని చూడకు, అవ్వ ఊరుకునేట్టు లేదు. రోజూ ఎవరో ఒకరికి ఫోన్ చేసి పిల్లగాడున్నడా అని అడుగుతోందట.

మల్లిక

[ఎర్ర సిరాతో] "ఆ పదార్థం" ఎవరో నాకు అర్థమైంది. అయినా పోస్టులో వేస్తున్నాను. — ని.


మహబూబ్‌నగర్,
ఆగస్టు 16.

మాయలమారి పిల్లా,

నీ ఉత్తరం చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి. పక్కనే కూర్చున్న ఆ పదార్థం "ఏమైంది టీచర్?" అంటే, ఏం లేదు, ఉక్కపోత అన్నాను. బయట వాన పడుతోంది.

ముందు పాఠం. ఘనానికి తన ఆకారం ఉంటుంది, ఎక్కడ పెట్టినా మారదు. అది మా అమ్మ. ద్రవాన్ని ఏ గిన్నెలో పోస్తే ఆ ఆకారం. అది మీ బాపు. అమ్మ ముందు ఒక మాట, వదిన ముందు ఇంకో మాట. వాయువుకు ఆకారమూ లేదు, హద్దూ లేదు, ఎంత జాగా ఇస్తే అంత నిండుతుంది. అది నువ్వు.

మార్పులు కూడా రాస్తున్నాను, ఫెయిర్‌లో అడుగుతారు. క్రిస్మస్ రాత్రి కొవ్వొత్తి గుర్తు తెచ్చుకో. మైనం కరిగి కారింది, చల్లారి మళ్లీ గట్టిపడింది. అప్పుడూ మైనమే, ఇప్పుడూ మైనమే. అది భౌతిక మార్పు. కానీ ఒత్తి దగ్గర మైనం మండి పొగ అయిపోయింది చూడు, అక్కడ కొత్త పదార్థాలు పుట్టాయి. అది రసాయన మార్పు. మంచు కరగడం, చక్కెర నీళ్లలో కలవడం భౌతికం. ఇనుప పెట్టెకు తుప్పు పట్టడం, పాలు పెరుగు కావడం, కట్టె కాలడం రసాయనం. రసాయన మార్పు జరిగితే ఇక వెనక్కి రాదు. అన్నం తిరిగి బియ్యం కాదు కదా.

ఇప్పుడు నీ ప్రశ్నలు. ఆ పదార్థానిది ఆలేరు. మొదట ఘనం అనుకున్నాను, ఎందుకంటే లెక్కల సార్. కాదు. సంబంధాలు వద్దన్నది దాని వల్లే. నాకు జరిగిన మార్పు రెండో రకం బిడ్డా, ఇక వెనక్కి రాదు. రాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నవ్వు వస్తోంది.

భయం కూడా వేస్తోంది. వాళ్లు యాదగిరిగుట్టకు పోయే మనుషులు. తండ్రి లేడు, తల్లి యాదలక్ష్మమ్మ గాజుల దుకాణం మీద పెంచింది. మనది ఆదివారం తప్పని ఇల్లు. అమ్మ వద్దంటే నేను ఎదిరించలేను, ఆయన్ను వదులుకోలేను. నోరు జారకు. నిర్మలమ్మ మేడం గారూ, మీరు కూడా దయచేసి.

గ్లోరీ


నల్గొండ,
సెప్టెంబర్ 8.

అత్తా,

నీ ఉత్తరం చదివి నేను దుప్పటి కప్పుకుని అరగంట నవ్వాను. కప్పుకోకుండా నవ్వితే ఎందుకని అడుగుతారు. మేడం ఉత్తరం చేతికి ఇస్తూ, "కోడలివి కదా, నువ్వే ఏదైనా ఉపాయం ఆలోచించాలి" అన్నారు. నేను వారం నుంచి అదే పనిలో ఉన్నాను.

ఈ లోపల నీ సైన్సు తప్పయింది. చెప్తాను విను. శనివారం మాకు తెల్ల డ్రెస్సు. రమ దాని మీద పప్పుచారు ఒంపుకుంది. పసుపు మరక. బట్టల సబ్బు పెట్టి రుద్దింది, మరక ఎర్రగా అయిపోయింది, నిజంగా నెత్తురు లాగా. రమ పెట్టిన కేకకు వాచ్‌మన్ కూడా వచ్చాడు. ఆ రోజు పులిహోర చేశారు కాబట్టి వంటగది బయట నిమ్మ డిప్పలు పడి ఉన్నాయి. మరక పోతుందేమో అని ఒకటి తెచ్చి రుద్దింది. మళ్లీ పసుపుపచ్చగా అయింది. మళ్లీ సబ్బు, ఎరుపు. మళ్లీ నిమ్మ, పసుపు. ఇక చూడు, అందరూ తమ తెల్ల డ్రెస్సులకు కావాలని పప్పుచారు పూసుకుని లైను కట్టారు. డిప్పలు అయిపోయేదాకా ఆట ఆగలేదు. మళ్లీ శనివారం వచ్చినప్పుడు మా క్లాసంతా మచ్చలతోనే ప్రార్థనకు నిలబడింది.

రసాయన మార్పు వెనక్కి రాదని నువ్వే రాశావు. మరి ఇది వచ్చింది. ఇది భౌతికమా, రసాయనమా? ఫెయిర్‌లో నేను చేసేది ఇదే. జవాబు తెలియకుండా పోతే నా పరువు, నీ పరువు రెండూ పోతాయి.

ఇంకొకటి. పాస్టర్ గారి చుట్టాల అబ్బాయి ఫోటో ఇంటికి వచ్చిందట. అవ్వ బైబిల్లో పెట్టుకుందని అమ్మ చెప్పింది. త్వరగా నోరు విప్పు అత్తా.

మల్లిక

[ఎర్ర సిరాతో] ఆ పదార్థం ఉద్యోగం పర్మినెంటేనా? అది రాయలేదు. — ని.


మహబూబ్‌నగర్,
సెప్టెంబర్ 20.

మల్లికా,

పర్మినెంటే. మేడం గారికి చెప్పు.

నీ ప్రశ్న చూసి నా గుండె జారింది. ఇక్కడ అరవై మంది పిల్లలకు "వెనక్కి రాదు" అని బోర్డు మీద రాసి గీత కూడా గీశాను. వెంటనే ల్యాబ్‌లో పసుపు, సబ్బు, నిమ్మకాయ పెట్టుకుని కూర్చున్నాను. కమలాకర్ సార్ మెస్‌లో నిమ్మకాయలు అడిగి తెచ్చి, చొక్కా జేబుకు పసుపు పూసి ఇచ్చారు, దీని మీద చెయ్యి అని. ఎరుపు, పసుపు, ఎరుపు. ఆ చొక్కా ఇప్పుడు ల్యాబ్‌లోనే ఉంది.

జవాబు ఇది. పసుపు సబ్బుతో కలిసినప్పుడు కొత్త పదార్థం తయారవుతోంది, ఎరుపు దానిది. కాబట్టి ఇది రసాయన మార్పే. నిమ్మరసం పోస్తే మరో మార్పు జరిగి పాతది తిరిగి వస్తోంది. గుర్తు పట్టాల్సింది కొత్త పదార్థం పుట్టిందా లేదా అని. వెనక్కి వస్తుందా రాదా అన్నది కొలత కాదు. చాలావరకు రావు, కొన్ని వస్తాయి. బోర్డు మీద గీత చెరిపి మళ్లీ చెప్పాను. పిల్లలు నువ్వెవరని అడిగారు.

ఇక నీకు తెలియాల్సింది. పోయిన ఆదివారం చిట్యాల వెళ్లి అమ్మకు చెప్పేశాను. అమ్మ బైబిల్లోంచి ఆ ఫోటో తీసి కవర్లో పెట్టింది. "చర్చిల పెండ్లికి ఒప్పుకుంటడా?" అంది. ఒప్పుకున్నాడన్నాను. "తెల్లచీర కడ్తవా?" అంది. కడతానన్నాను. "అయితె నాకేం ఫికర్ లేదు. మీ అన్నను పిలువు, చీరకు పోదాం" అంది. అప్పుడే ఏడ్చింది, అప్పుడే చెప్పులు వేసుకుంది. నల్గొండ బజార్లో దుకాణాలన్నీ తిరిగి, జరీ సన్నగా ఉన్న తెల్ల పట్టుచీర కొన్నది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఆలేరులో యాదలక్ష్మమ్మ, "ఏ దేవుడైతేంది, పిల్ల మంచిదైతె సాలు. నా చేతితోని మాత్రం ఒక్కటన్న చెయ్యనియ్యిర్రి" అన్నదట. దసరా సెలవుల్లో చీర చూడడానికి వస్తుంది. పదో తరగతికి స్పెషల్ క్లాసులని నాకు సెలవు ఇవ్వలేదు. ఇంట్లో నువ్వుంటావు కదా, ఆమెను బాగా చూసుకోండి. పెళ్లి డిసెంబర్‌లో.

నీ అత్త


చిట్యాల,
అక్టోబర్ 6.

అత్తా,

ఇది మేడం చదవది. గందుకే మనం మాట్లాడుకున్నట్టే రాస్తున్న. పుస్తకం భాష రాసే ఓపిక నాకు లేదు, ఇంట్ల ఆగమాగం అయింది.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేస్తె అవ్వ "అంత మంచిగనే ఉన్నది" అన్నది గదా. ఏం మంచిగ లేదు. బాపు ఫోన్ స్పీకర్ల తప్ప వినపడది, నేనేమన్న అంటె అవ్వ వింటది. అందుకే రాసి స్పీడ్ పోస్టుల ఏపిస్తున్న.

నిన్న పొద్దుగాల యాదలక్ష్మమ్మ వచ్చింది. నీకు గాజులు తెచ్చింది, నాకు కూడ తెచ్చింది. మంచి మనిషి అత్తా, కూసున్న జాగల కూసోది, అమ్మతోని కూరగాయలు గూడ కోసింది. అవ్వ చీర దీసి మంచం మీద పరిచింది. యాదలక్ష్మమ్మ చీరను ముట్టి ముట్టి చూసింది, కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది. అవ్వ చాయ పెడ్తానని లోపటికి పోయింది. గప్పుడు ఆమె సంచిలకెల్లి పసుపు దీసి నీళ్లతోని తడిపి చీర నాలుగు మూలలకు పెట్టింది. వాళ్లింట్ల కొత్తబట్టకు పసుపు పెట్టకుంట కట్టరట. పెట్టుడు గూడ చిటికెడు గాదు, ప్రేమతోని అరచెయ్యంత పెట్టింది.

అవ్వ చాయ గిలాసలు పట్టుకొని వచ్చి చూసింది. ఆమెను బాధపెట్టొద్దని, "జర అంటింది వదినా, కడుక్కొస్త" అని చీరను నల్లా కాడికి తీస్కపోయి సబ్బు పెట్టింది. నేను ఇంట్ల ఉండి ఉంటె ఆపుదును. నేను చాయలకు బిస్కెట్లు తేనీకి పోయిన, గిదంత అమ్మ చెప్తెనే తెలిసింది.

వచ్చేసరికి నాలుగు మూలలు ఎర్రగ ఉన్నయి. అవ్వ నల్లా కాడ కిందనే కూలబడ్డది. "తెల్లచీర మీద నెత్తురేంది ప్రభువా" అంటాంది. యాదలక్ష్మమ్మ గోడకు ఆనుకొని నిలబడ్డది. ఆమె ఏమన్నదో చెప్త అత్తా, నాకు ఇప్పటికీ ఏడుపొస్తాంది. "మొగడు లేనిదాన్ని, నేను పసుపు ముట్టకపోయేది. ఆశ పడ్డ. నా చెయ్యి పడ్డకాడల్ల గిట్లయింది. గీ లగ్గం వద్దు వదినా, పిల్ల సల్లగుండాలె" అన్నది. చాయ గూడ తాగలే. ఆటో ఎక్కి పోయింది. అవ్వ గూడ ఆపలే, భయపడి అట్లనే కూసున్నది.

నేను ఉరికిన. ఇంట్ల నిమ్మకాయ లేదు. హైవే మీద నిమ్మసోడా బండి ఉంటది గదా, గాడికి పోయి "అన్నా, పెండ్లి ఆగుతాంది, నిమ్మకాయలియ్యి" అన్న. పాపం, పైసలు అడగలే. వచ్చి పిండిన. అవ్వ కండ్ల ముందట ఎరుపు పోయి పసుపయింది. అవ్వ నా చెయ్యి పట్టుకొని, "మంత్రం ఏడ నేర్సినవే" అన్నది. మంత్రం గాదు, రమ పప్పుచారు అన్న. మళ్ల ఒక్క మూలకు సబ్బు పెట్టి, మళ్ల నిమ్మకాయ పెట్టి చూపించిన. అప్పుడు నమ్మింది. నమ్మినంక తల మీద కొట్టుకున్నది, "ఆమెను ఉత్తగనే ఏడిపిచ్చి తోలితిమి" అని.

ఇప్పుడు యాదలక్ష్మమ్మ ఫోన్ ఎత్తుతలేదు. చీర మీద పసుపు పోతలేదు. నిమ్మకాయతోని ఎరుపు పోతది గానీ పసుపు పోదు. ఏం చెయ్యాల్నో జల్ది చెప్పు. అవ్వ నిన్నటి సంది అన్నం తింటలేదు.

మల్లిక


మహబూబ్‌నగర్,
అక్టోబర్ 8.

నా తల్లీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. చదువుతుంటే ఏడుపొచ్చింది, నిమ్మసోడా బండి దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది, యాదలక్ష్మమ్మ మాట దగ్గర మళ్లీ ఏడ్చాను. కమలాకర్‌కు చదివి వినిపించాను. ఆయన వెంటనే బ్యాగులో సబ్బుబిళ్ల, పసుపు, నిమ్మకాయలు, తన తెల్ల జేబురుమాలు పెట్టుకుని ఆలేరు బస్సెక్కాడు. వాళ్లమ్మ చేతితోనే పసుపు పెట్టించి, అమ్మ చేతితోనే ఎర్రగా చేయించి, అమ్మ చేతితోనే వెనక్కి తెప్పిస్తానన్నాడు. చేయి ఎవరిదైనా ఒకటేనని ఆమె కళ్లతో చూడాలి కదా.

ఇప్పుడు పసుపు సంగతి. సబ్బు మళ్లీ ముట్టుకోవద్దు. నిమ్మరసం పోయేలా మంచినీళ్లతో జాడించి, మరక ఉన్న చోటు ఎండ తగిలేలా డాబా మీద పరచండి. ఆరితే మళ్లీ తడిపి పరచండి. పసుపు రంగు ఎండకు నిలవదు. ఎండ దాన్ని ముక్కలు చేసి రంగులేని పదార్థాలుగా మారుస్తుంది. ఇది కూడా రసాయన మార్పే, కానీ ఎర్రరంగు లాగా కాదు. పోతే పోయినట్టే, నిమ్మకాయ పిండినా సబ్బు పెట్టినా మళ్లీ రాదు. కొన్ని రోజులు పడుతుంది. ఓపిక పట్టండి.

ఫోన్ చేస్తే అమ్మ మళ్లీ "అంత మంచిగనే ఉన్నది" అని పెట్టేస్తుంది, అందుకే ఇది అమ్మకు పైకి చదివి వినిపించు. అమ్మా, అది నెత్తురు కాదు, శాపం కాదు, దేవుని కోపం కాదు. పసుపుకు సబ్బు తగిలింది, అంతే. నువ్వు అన్నం తిను. నువ్వు కొన్న చీరే కడతాను, మచ్చలతో అయినా సరే.

గ్లోరీ


నల్గొండ,
నవంబర్ 24.

అత్తా,

మళ్లీ పుస్తకం భాషకు వచ్చాను, మేడం ఎదురుగానే కూర్చున్నారు.

సెలవుల్లో మిగిలింది నువ్వు ఫోన్‌లో సగమే విన్నావు, మిగతా సగం ఇక్కడ. కమలాకర్ మామ (ఇక పేరు రాస్తున్నాను) యాదలక్ష్మమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె చేతిలో ఆ జేబురుమాలు అట్లనే ఉంది. ఇంటింటికీ చూపించిందట, వాళ్ల గాజుల దుకాణం సందులో ఇప్పుడు ఒక్క తెల్లబట్ట కూడా తెల్లగా లేదట. అవ్వ ఎదురుపోయి, "సబ్బు పెట్టిన పాపం నాదే వదినా" అంది. యాదలక్ష్మమ్మ, "పసుపు గంత పూసిన పాపం నాది" అంది. ఎవరి పాపం పెద్దదని ఇద్దరూ వాకిట్లోనే కొట్లాడుకున్నారు. అమ్మ చాయ చల్లారుతుందని పిలిస్తే లోపలికి వచ్చారు.

తర్వాత ఇద్దరూ డాబా మీద చీరకు కాపలా కూర్చున్నారు. ఒకరు నీళ్లు చల్లితే ఒకరు కోతులను తోలారు. గొడుగు ఒకటే ఉంది, అందుకని దగ్గరగా జరిగి కూర్చున్నారు. యాదలక్ష్మమ్మ నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉండిపోయింది. నేను బడికి వచ్చే రోజుకు మూడు మూలలు తెల్లగా వచ్చాయి. నాలుగో మూల మీద ఎప్పుడు చూసినా గోనెసంచి ఉండేది. గాలికి చీర ఎగరకుండా పెట్టి ఉంటారు. అది తీసి ఎండకు పెట్టమని అవ్వకు రెండు మాట్లు చెప్పాను, "నీ పని నువ్వు జూస్కో" అంది. నువ్వు ఒకసారి అడుగు.

ఇక సైన్స్ ఫెయిర్. నా బల్ల మీద తెల్లబట్ట, పసుపు, సబ్బు, నిమ్మకాయలు. ఎండలో పెట్టిన గుడ్డ ఒకటి, అలమారాలో పెట్టిన గుడ్డ ఒకటి. జడ్జి గారు, "రసాయన మార్పు వెనక్కి రాదు కదా, ఇదెట్లా వచ్చింది?" అని అడిగారు. నేను అదే ప్రశ్న కోసం సెప్టెంబర్ నుంచి కాచుకుని ఉన్నాను. కొత్త పదార్థం, పాత పదార్థం అన్నీ గడగడా చెప్పి, ఆగలేక చీర కథ కూడా చెప్పేశాను. నిమ్మసోడా బండి దగ్గరికి వచ్చేసరికి మూడు బడుల పిల్లలు నా బల్ల చుట్టూ చేరారు. జడ్జి గారు పెన్ను మూసి, "మరి పెండ్లి అయితున్నదా లేదా బిడ్డా?" అన్నారు. రెండో బహుమతి వచ్చింది. మొదటిది పొగ కక్కే అగ్నిపర్వతానికి పోయింది. పోనీ, దానికి పెళ్లి లేదు.

మల్లిక

[ఎర్ర సిరాతో] పెళ్లికి నేను కూడా వస్తున్నాను. పప్పులో పసుపు తగ్గించమని చెప్పండి, నాది తెల్లచీరే. — ని.


మహబూబ్‌నగర్,
డిసెంబర్ 20.

మల్లికా,

పెళ్లి నువ్వు చూశావు, తిన్నావు, డప్పుల ముందు ఎగిరావు, నిర్మలమ్మ మేడంను కూడా ఎగిరించావు. వాటి గురించి రాయను. నువ్వు చూడనిది ఒకటి ఉంది.

పొద్దున అమ్మ నాకు చీర కట్టడానికి లోపలి గదిలో తలుపు వేసింది. కుచ్చిళ్లు పోసి, కొంగు వేసి, చివరగా నడుము చుట్టూ తెచ్చి లోపలికి చెక్కే కొంగు మూల చేతిలోకి తీసుకుంది. చూస్తే అది పసుపుపచ్చగానే ఉంది, అరచెయ్యంత.

"అమ్మా, ఇది పోలేదా?" అన్నాను.

"పోనియ్యలే" అంది. "సంచి కప్పిన."

అమ్మ తలుపు తీసి, బయట దూరంగా గోడ పక్కన నిలబడి ఉన్న యాదలక్ష్మమ్మను పిలిచింది. ఆమె లోపలికి రావడానికి జంకింది. పెళ్లికూతురును ముస్తాబు చేసే గదిలోకి ఆమెను ఎన్నడూ ఎవరూ పిలిచి ఉండరు. అమ్మ ఆ మూలను ఆమె చేతిలో పెట్టి, "నువ్వు పెట్టిందే గదా వదినా, నువ్వే చెక్కు" అంది. ఆమె వేళ్లు వణికాయి. కొడుకు చేయి ఎవరి పోలికో అప్పుడు తెలిసింది. చెక్కింది. తర్వాత ముగ్గురం కాసేపు బయటికి రాలేదు, అందుకే పాస్టర్ గారు గంట రెండోసారి కొట్టించారు.

నేను ఇక్కడికి బయల్దేరే రోజు అమ్మ చీర మడిచి పాత దుప్పట్లో చుట్టి ఇచ్చింది. నువ్వు చెప్పిన సైన్సు అంతా అమ్మకు బాగా గుర్తుంది మల్లికా. బస్టాండు దాకా వచ్చి, దారి పొడుగునా అదే అప్పజెప్పింది.

"ఆ మూలకు సబ్బు పెట్టకు, ఎర్రగైతది. ఎండల ఎయ్యకు, పోతది. పోతె మళ్ల రాదు. చీకట్ల దాసుకో బిడ్డా, గిది ఎవ్వరికి తిరిగి ఇచ్చేది లేదు."

పెట్టె అడుగున పెట్టుకున్నాను.

నీ గ్లోరీ అత్త